రెండో ముంత

మైపాడు,
16-4-1961

చిరంజీవి ఆనందకుమారిని నాన్న దీవించి వ్రాసేది. ఇక్కడ అమ్మా, నేనూ బాగానే ఉన్నాము. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. తిరుపతిలో ఎండలు ముదిరాయన్నావు. పరీక్షలయ్యేదాకా బయట తిరగకు.

కలిసి తాగేవాళ్ళను మన వైపు ఏమేమంటారో వ్రాసి పంపమన్నావు. మీ లెక్చరరు గారు ఆ మాటలు సేకరించమన్నారని చదివి వినిపిస్తే, "ఆడపిల్లకు అప్పగించే పనేనా ఇది?" అని అమ్మ గొణిగింది. అయినా వ్రాస్తున్నాను.

తాగుబోతులనేది బయటివాళ్ళ మాట. తాగేవాళ్ళు తమలో తాము అది వాడరు. ఇక్కడ పడవల మీద వాళ్ళు "ముంత జత" అంటారు. విడవలూరు రైతులు "కల్లు సావాసం" అంటారు. సూళ్లూరుపేట వైపు అరవం కలిసి "కూటాళి" అయింది. మద్యనిషేధం వచ్చాక "చెట్టుకాడి మనిషి" అని గుట్టుగా చెప్పుకుంటున్నారు. ఏ ఇంటి ఆడవాళ్ళను అడిగినా మాత్రం అవతలివాడు "మా ఆయన్ను చెడగొట్టినోడు".

పోలేరయ్య మామ చేపలు తేవడం లేదా, మనింటికి రావడం మానేశాడా అని రెండు ఉత్తరాల్లో అడిగావు. నేను దాటవేశాను. పదేళ్ళుగా నేను అతని ముంత జతను. ఆదివారం పగటిపూట తాటితోపులో ఇద్దరం కూర్చొనేవాళ్ళం. అమ్మకు తెలుసు. నీకు చెప్పవద్దని ఆమె చేత ఒట్టు వేయించుకున్నాను.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం పోలీసులు తోపులోకి వచ్చారు. ఇద్దరి ముందూ ముంతలున్నాయి. నాది ఇంకా నోట పెట్టలేదు. "బడిపంతులువి, వీడితో నీకేం పని?" అని ఎస్సై అడిగాడు.

"వీడెవరో నాకు తెలియదు. మంచినీళ్ళకని ఆగినాను" అన్నాను.

పోలేరయ్య నావైపు ఒకసారి చూశాడు. "నిజమే సామీ. అయ్యోరికి దీంతో పన్లేదు. ఈ ముంత నాదే, ఆ ముంతా నాదే" అన్నాడు.

అతనికి రెండు నెలలు జైలు వేశారు. మర్నాడు నేను బడికి వెళ్ళి ఎప్పటిలాగే హాజరు పిలిచాను.

మొన్న విడుదలై వచ్చాడు. నిన్న పొద్దున వాళ్ళింటికి వెళ్ళాను. వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. అతని భార్య పేరమ్మ నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయింది.

"తప్పు చేసినాను పోలేరయ్యా" అన్నాను.

"నీ ఉద్యోగం పోతాదని ఆ ముంతా నాదేనని నేనే చెప్పినా. దానికేంలే అయ్యోరా" అన్నాడు తలెత్తకుండా. "జైలు గూడా కష్టమనిపించలా. వీడెవురో తెలవదంటివే, అదే మింగుడుపళ్ళా."

కూర్చోమనలేదు. కాసేపు నిలబడి వచ్చేశాను.

ఇంటికొచ్చి, జరిగింది జరిగినట్టు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు గారికి వ్రాశాను. పోలీసు స్టేషనుకు ఒక నకలు తీశాను. రెండూ అమ్మకు వినిపించాను. తర్వాత, "పిల్లకు కూడా వ్రాయండి. ఊళ్ళోవాళ్ళ నోట వినకూడదు" అంది.

ఆ రెండు కవర్లూ నిన్న సాయంత్రమే తపాలా పెట్టెలో వేశాను. ఉద్యోగం ఉంటుందో, ఊడుతుందో తెలియదు. పోలేరయ్య తిరిగి పలకరిస్తాడని చేసిన పనీ కాదు. ఇవాళ పొద్దున అతను సముద్రం మీదికి వెళ్తుంటే గట్టున ఎదురుపడ్డాను. ఇద్దరం దారి ఇచ్చుకున్నాము.

ఇట్లు,
ఇక నీకు దాచేదేమీ లేని నాన్న,
రంగనాయకులు