ఇటుకను మోగించి చూసిన ఆమె

శుక్రవారం, హఫర్ అల్ బాతిన్, సౌదీ

సెలవు కదా, అన్నాలు తిన్నాక మా రూములో ఉండే కడప డ్రైవర్ ఖాదర్ భాయ్ ఫోన్‌లో పాత జర్మనీ వార్తాచిత్రం పెట్టాడు. యుద్ధం ముగిసింది. వీధి మొత్తం కూలిపోయి ఉంది. ఆడవాళ్లు వరసగా నిలబడి ఇటుకలు అందించుకుంటున్నారు. గళ్ల రుమాలు కట్టుకున్న ఒకామె ఇటుకకు అంటిన పాత సున్నం సుత్తితో రాల్చి, రెండిటుకలను ఒకదానికొకటి తట్టి, మోత విని, గట్టిదాన్నే దొంతరలో పెట్టింది. పదిహేనేళ్లుగా మేస్త్రీ పని చేస్తున్నా, నేనూ అంతే చూస్తాను. బొమ్మకు శబ్దం లేదు, అయినా ఆ మోత నాకు వినిపించింది.

"ఏం పనిమంతురాలు భాయ్! మా ఫోర్‌మన్ చూస్తే రేపే వీసా తీస్తడు," అన్నాను.

ఖాదర్ భాయ్ నవ్వలేదు. "దీనికి ముందు జరిగింది గూడా చూడు అన్నా," అని వెనక్కి జరిపాడు. అదే వీధి. మేడలన్నీ నిలబడే ఉన్నాయి. యుద్ధానికి పోతున్న సైనికుల బండ్ల మీద ఆడవాళ్లు పూలు చల్లుతూ, చేతులెత్తి జేజేలు కొడుతున్నారు.

గళ్ల రుమాలు కోసం వెతికాను. కనిపించలేదు. హమ్మయ్య అనుకున్నాను.

కానీ మొన్న మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టిన, యుద్ధం చేయాల్సిందే అనే ఉపన్యాసానికి నేనూ చప్పట్ల బొమ్మ పెట్టాను. పూర్తిగా వినకుండానే.