పన్ను చెప్పిన మాట

శనివారం, రాత్రి

మూడేళ్ల క్రితం గోవిందుడి కొండకు నడిచివెళ్లిన చెల్లెలు సరళ తిరిగి రాలేదు. ఈమధ్య ఆ దారిలోని అడవిలో దొరికిన ఎముకల పక్కన, ఆరోజు సరళ కట్టుకున్నలాంటి పచ్చచీర పేలిక చూసి, తమ్ముడు రమణ సరళ ఫొటోకు దండ వేసేశాడు. నేను ఒప్పుకోలేదు. ఎముకలకు పరీక్ష చేయమని పోలీసులను అడిగాను.

ఈరోజు ఎస్సై చెప్పాడు. డీఎన్‌ఏ పాడైపోయినా పంటి ఎనామెల్‌లో ఆడో మగో తేల్చే ప్రోటీన్ మిగిలిందట. అది మగమనిషి పన్నేనట.

"అయినా యాడ బతికుంటాదిలే అక్కా! కర్మ చేసేద్దాం," అన్నాడు రమణ.

"ఎవురిదో చావు తెచ్చి నా చెల్లెలికి అంటగడతావా? తియ్యరా ఆ దండ!"

వాడు కదల్లేదు. నేనే తీశాను. ఆ తెలియని మనిషికి దీపం పెట్టాను. గోవిందుడికి ముడుపు కట్టి, దండ ఉన్న మేకుకే తగిలించాను.

పచ్చ పేలిక సంగతి స్వామికే తెలియాలి. ముడుపు మాత్రం సరళే వచ్చి విప్పాలి. అంతవరకు ఈ ఇంట్లో దానికి పిండం పెట్టనివ్వను.