డబ్బాలో శనగపిండి

మంగళవారం, తాండూరు.

యాదమ్మను ఈ రోజు మళ్లీ కందుల మిల్లు కాంటా ఎక్కించాను. మూడు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గింది.

"కందుల బస్తా అని నవ్వినవు గద. ఇప్పుడేమంటవయ్యా?" అని మురిసిపోయింది నా పెండ్లాం.

అంతా వికారాబాద్‌లో కొన్న మూలికల పొడి మహిమ అనుకుంటోంది. ఏడిపిద్దామని మొదటి వారమే దాన్ని పారబోసి, డబ్బాలో శనగపిండి నింపింది నేనే. శనగపిండితో సన్నబడేదయితే బజ్జీల బండివాడికి ఎముకలే మిగలాలి.

తిండి ఎప్పటిలాగే తింటోంది. మరి ఎందుకు కరిగిపోతోంది? వాళ్లమ్మ కూడా పోయే ముందు ఇట్లాగే చిక్కింది.

దవాఖానకు పోదామన్నాను.

"సన్నబడ్డందుకు దవాఖాన ఎందుకయ్యా? జర దిష్టి తీయ్," అంటూ పెళ్లినాటి రవిక తొడుక్కుని చూపించింది.

నిజం నోటిదాకా వచ్చింది. చెంచాడు పిండి నీళ్లలో కలిపి ఇచ్చాను.