చార్జర్ అక్కర్లేని పేర్లు

జనవరి 14, ఆదివారం

చెల్లెలు బురుల్ ల్యాప్‌టాప్ మూత తెరిచింది. వెలగలేదు.

జనవరి 15, సోమవారం

చార్జర్ పెట్టి రాత్రంతా ఉంచాం. చిన్న లైటు కూడా రాలేదు. చెల్లెలు ఏడవలేదు. మేం టీలో ఉప్పే వేసుకుంటాం, పొద్దున్న రెండుసార్లు వేసింది. ఇద్దరం అలాగే తాగేశాం.

దాంట్లో రెండు వందల పద్నాలుగు మంది తల్లులున్నారు. మా వంశంలో ఐదేళ్ళ మగపిల్లాణ్ణి నిద్రలేపి అడిగినా ఏడుగురు తాతల పేర్లు గడగడా చెప్తాడు. ఆ తాతల్ని కన్న తల్లుల పేర్లు మాత్రం ఎక్కడా రాసి లేవు. బడిలో పాఠాలు చెప్పే బురుల్ పదకొండేళ్ళు సెలవులన్నీ పోగొట్టుకుని లోయలన్నీ తిరిగింది, ముసలమ్మల పక్కన కూర్చుని ఒక్కొక్క పేరే అడిగి తెచ్చింది. చెప్పినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది ఒక్కతే. ఆమెకు తన పేరే గుర్తు లేదు.

మే నాలుగున వంశం సభ. ఆ రోజుకి వంశావళి పుస్తకం అచ్చయి రావాలి. ఏప్రిల్ పద్నాలుగు లోపు జాబితా ఇస్తే తల్లుల పేర్లూ వేయిస్తానని పుస్తకం పని చూసే కాసిమాలి బాబాయ్ ఒప్పుకున్నాడు. ఆ మాట అనిపించడానికి మాకు మూడేళ్ళు పట్టింది.

జనవరి 19, శుక్రవారం

ల్యాప్‌టాప్‌ని బజారులో తమ్ముడు ఎసెన్ పాత ఇనప కంటైనర్‌లో నడిపే మరమ్మతు దుకాణానికి తీసుకెళ్ళాం. విప్పి చూశాడు. బోర్డు మీద బార్లీ గింజంత చిప్ ఉంది. కరెంటు పంచడం దాని పని. అది మాడిపోయింది. గింజ మారిస్తే లేస్తుంది అన్నాడు. మరి మార్చరా అన్నాను. అమ్మరక్కా అన్నాడు. ఎవర్రా అమ్మనిది అంటే, చేసినవాళ్ళే, నాకే కాదు, ఎవ్వరికీ అమ్మరు అన్నాడు.

పేర్లున్న ముక్క ఊడదీసి ఇంకోదాంట్లో పెట్టు అంది బురుల్. ఆ రోజులు పోయాయక్కా, ఇప్పుడు దాన్నీ బోర్డుకే అతికించేస్తున్నారు, బోర్డు లేస్తేనే అది నోరు తెరుస్తుంది అన్నాడు. ఇంకో కాపీ ఎందుకు పెట్టుకోలేదని గట్టిగా కోప్పడ్డాడు. సగం పిసికిన పిండి పొరుగింటికి పంపుతామా అంది బురుల్. నిజమే. జాబితా పూర్తికాకుండా బయటపడితే ఎవరి నాయనమ్మ ముందు, ఎవరి నాయనమ్మ వెనక అని కొట్టుకుంటారు. పోనీ రాసుకున్న కాగితాలేవి అన్నాడు. టైపు చేసేశాక ఆ కాగితాలతో పొయ్యి రాజేసుకున్నాం. రాజేసింది నేనే.

ఇంటికొచ్చి నూనె పెట్టి, పిండి ముక్కలు కోసి బోర్సోక్ వేయించాను. శుక్రవారం నూనె వాసన పోయినవాళ్ళకు చేరుతుంది. నవంబరు నుంచి తొమ్మిది శుక్రవారాలు బురుల్ తెర మీద చూసి ఒక్కో పేరు చదివేది, నేను ఆ తల్లి కోసం దువా చేసేదాన్ని. ఇవాళ పేరు లేదు. వాసన ఊరికే లేచి ఊరికే పోయింది.

జనవరి 22, సోమవారం

ఎసెన్ ఫోన్ చేశాడు. దీన్ని ఎక్కడ పెట్టేవాళ్ళక్కా, బాగా వేడికి ఉడికింది అన్నాడు. బల్ల మీదే అన్నాను.

అబద్ధం. ఇక్కడైనా నిజం రాయాలి. బురుల్ మూత మూయగానే నేను దాన్ని తీసి, గోడవార బొంతల దొంతరలో, అమ్మ కుట్టిన బొంతకీ పైదానికీ మధ్య దోపేదాన్ని. అమ్మ నగలు అక్కడే ఉండేవి. నాన్న పతకాలూ అక్కడే. ఇంట్లో విలువైనదానికి వేరే చోటు మాకు తెలియదు. పైగా చలికాలం. మూత మూసినా అది లోపల మేలుకునే ఉంటుందని నాకు తెలియదు.

ఫిబ్రవరి 3, శనివారం

చిప్ కావాలని రాస్తే ల్యాప్‌టాప్ కంపెనీ నుంచి జవాబొచ్చింది. ఎసెన్ చదివి వినిపించాడు. మీ భద్రతే మాకు ముఖ్యం, అందుకని విడిభాగాలు వినియోగదారులకు గానీ మేం అనుమతించని మరమ్మతుదారులకు గానీ అమ్మం అని ఉంది. అనుమతి ఉన్న కేంద్రం సరిహద్దు అవతల అల్మాటీలో ఉందట. అక్కడ బోర్డు మొత్తం మార్చేస్తారు. పాతది తిరిగి ఇవ్వరు. లోపలున్నదంతా పోయినా అడగనని ముందే సంతకం పెట్టాలి.

తల తీసేసి కొత్త తల పెడతారన్నమాట, టోపీ మాత్రం నాదే అంది బురుల్. ఎసెన్ నవ్వలేదు. ఇరవై రెండేళ్ళుగా ఈ ఊళ్ళో పడుకున్న ప్రతి యంత్రాన్నీ లేపింది నేను, గింజంత ముక్క నా చేతికిస్తే ప్రమాదమట అన్నాడు. ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలి కింద దోపాడు.

ఫిబ్రవరి 6, మంగళవారం

చిప్ చేసే కంపెనీకీ రాశాడు. అది వాళ్ళ కోసమే చేస్తాం, ఇంకెవరికీ అమ్మకూడదని ఒప్పందం ఉంది అన్నారు.

ఫిబ్రవరి 9, శుక్రవారం

కాసిమాలి బాబాయ్ వచ్చాడు. పెద్దవాళ్ళు కూర్చునే పైచోట కూర్చోబెట్టాను. మాంసం తిన్నాడు, టీ తాగాడు, గడ్డం తుడుచుకున్నాడు. అప్పుడు అడిగాడు, ఏమ్మా బురుల్, నీ అమ్మమ్మలు ఇంకా లేవలేదా అని. ఎసెన్ చూస్తున్నాడు బాబాయ్ అంది. మా తాతలు నాలుగు వందల ఏళ్ళు నోట్లోనే ఉన్నారమ్మా, వాళ్ళకి చార్జర్ అక్కర్లేకపోయింది అన్నాడు.

బురుల్ తల వంచి ఆయన టీ గిన్నె నింపింది. తల్లుల్నీ నోట్లో పెట్టుకుని ఉంటే వాళ్ళకీ అక్కర్లేకపోయేది బాబాయ్ అంది. గిన్నె అంచు దాకా నింపింది. మా దగ్గర అలా నింపితే ఇక లేవమని అర్థం. బాబాయ్ లేచాడు.

ఫిబ్రవరి 10, శనివారం

మధ్యాహ్నం జొహర్ నమాజు అయ్యాక బొంతల సంగతి బురుల్‌కి చెప్పేశాను.

 నీకు చలేస్తే దానికీ చలేస్తుందనుకున్నావా అక్కా అంది. నవ్వింది కూడా. తర్వాత గొర్రెలకి మేత వేసొస్తానని కొట్టంలోకి వెళ్ళింది. మాకున్నవి నాలుగు గొర్రెలు. సాయంత్రం అసర్ నమాజు వేళకి గానీ తిరిగి రాలేదు.

ఫిబ్రవరి 11, ఆదివారం

బురుల్ టీ తనకొక్కదానికే పోసుకుంది.

మార్చి 2, శనివారం

ఎసెన్ రాజధాని బిష్కెక్ వెళ్ళి నాలుగు రోజులు పెద్ద బజారంతా వెతికాడు. అదే రకం ల్యాప్‌టాప్, నీళ్ళలో పడి చచ్చినది, ఒకటి దొరికింది. డెక్క కోసం గుర్రాన్నంతా కొన్నానక్కా అన్నాడు. బురుల్ ఆ చచ్చినదాన్ని ఒళ్ళో పెట్టుకుని తలగుడ్డ అంచుతో తుడిచింది. ఇది ఎవరి ఇంట్లో ఏం మోసిందో అంది.

మార్చి 6, బుధవారం

దుకాణం తలుపు లోపల గడియ వేసుకున్నాం. ఎసెన్ కంటికి అద్దం పెట్టుకుని ఆ చచ్చినదాంట్లోంచి గింజని తీసి మాదాంట్లో అతికించాడు. ఊపిరి కూడా పక్కకి తిప్పి వదిలాడు. నేను ఖురాన్‌లోని యాసీన్ చదువుతున్నాను.

వెలిగింది.

పాస్‌వర్డ్ అడిగింది. బురుల్ ఒకసారి తప్పు కొట్టింది. రెండోసారి తెరుచుకుంది. వెనకాల మా లోయ బొమ్మ, మధ్యలో ఒక్కటే ఫోల్డర్, దాని మీద తల్లులు అని రాసి ఉంది. కాపీ, కాపీ, ముట్టుకోకు, ముందు కాపీ చేయనీ అని అరిచాడు ఎసెన్. పెన్‌డ్రైవ్ పెట్టాడు. ఆకుపచ్చ గీత కొంచెం కదిలింది. బురుల్ అరచేయి ఆ తెర మీద ఆనించింది, జ్వరం చూసినట్టు.

మాడు వాసన వచ్చింది. తెర నల్లబడింది.

మూడు నిమిషాలు. ఆ గింజా నీళ్ళలో నానిందే కదా. ఈసారి పోతూ పోతూ పక్కనున్నవాటినీ, పేర్లున్న ముక్కనీ కాల్చింది. పెన్‌డ్రైవ్‌లో ఏమీ లేదు. ఎసెన్ రెండు చేతులూ బల్ల మీద బోర్లా పెట్టాడు. నన్ను క్షమించక్కా అన్నాడు. నాతో కాదు, బురుల్‌తో. బయట ఎవరో రేడియో బాగుచేయమని తలుపు కొడుతున్నారు.

మార్చి 11, సోమవారం

ఉపవాసాలు మొదలు. ఇఫ్తార్ అయ్యాక రోజూ కూర్చుని గుర్తు తెచ్చుకుందాం అన్నాను. సరే అంది.

మార్చి 23, శనివారం

బురుల్‌కి ఇరవై రెండు పేర్లు గుర్తొచ్చాయి. నేను శుక్రవారాల్లో దువా చేసినవి తొమ్మిది. మొత్తం ముప్ఫై ఒకటి. మిగతావాళ్ళ ముఖాలు కూడా తెలుసు నాకు అంటుంది. ఎలా అంటే, చెప్పిన ముసలమ్మ ముఖం గుర్తుంది, ఆమె కూర్చున్న చాప గుర్తుంది, పెట్టిన వెన్న రుచి గుర్తుంది, పేరు మాత్రం రావట్లేదు అంటుంది. రాసుకున్నాను కదా అని మనసులో పెట్టుకోలేదక్కా అంది.

ఏప్రిల్ 10, బుధవారం

పండగ. ఎసెన్ వచ్చాడు. ఏదో కొత్త ప్రకటన వచ్చిందట ఆ కంపెనీ నుంచి: పాత యంత్రం ఇస్తే కొత్తదాని మీద తగ్గింపు. పాతది ఏ స్థితిలో ఉన్నా పర్లేదట. చూపించి, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. 

ఏప్రిల్ 14, ఆదివారం

ముప్ఫై ఒక్క పేర్లు నా చేతిరాతతో రాసి తీసుకెళ్ళాం. కాసిమాలి బాబాయ్ కళ్ళద్దాలు పెట్టుకుని వేలు పెట్టి చదివాడు. ఈసారి వెటకారం లేదు. అదే బాధగా ఉంది. ముప్ఫై ఒకరి తల్లుల్ని వేసి మిగతా ఇళ్ళవాళ్ళకి నేనేం చెప్పనమ్మా, మా తాత అమ్మ లేకుండా పుట్టాడా అని మీద పడతారు, వేస్తే అందర్నీ వేయాలి, లేకపోతే లేదు అన్నాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. కాగితం మడిచి బురుల్ చేతిలో పెట్టాడు. మళ్ళీ అచ్చు ఎప్పుడు బాబాయ్ అని అడిగాను. ఇరవై ఏళ్ళకోసారి కదా జూరా అన్నాడు.

మే 5, ఆదివారం

నిన్న సభ. ఇంటికో పుస్తకం ఇచ్చారు. ముదురు ఎరుపు అట్ట, బంగారు అక్షరాలు. మా నాన్న పేరుంది, పక్కనే ఎసెన్ పేరుంది. ఎసెన్‌కి ముగ్గురు కొడుకులు, ముగ్గురూ ఉన్నారు.

బురుల్ తెరవలేదు. నిన్నటి నుంచి నోరు కూడా తెరవలేదు.

మే 10, శుక్రవారం

ఇంకా మాట్లాడలేదు. బడికి వెళ్ళి పాఠం చెప్పి వస్తోందట. ఇంట్లోనే మాట లేదు. ల్యాప్‌టాప్ ఎక్కడ పెట్టాలో తెలియక మళ్ళీ బొంతల మధ్యే పెట్టాను. ఇక వేడెక్కదు కదా.

మే 17, శుక్రవారం

నూనె పెట్టాను. బురుల్ వచ్చి పొయ్యి పక్కన కూర్చుంది. చేతులెత్తి ముప్ఫై ఒక్క పేర్లు చదివాను. మిగతావాళ్ళ పేరు రావాల్సిన చోట ఆమెకు అన్నాను. అల్లా, ఆమెకు. ఆమెకు. నూట ఎనభై మూడు సార్లు. బోర్సోక్ మాడిపోయాయి. నోరు ఆగక ఇంకోసారి కూడా అన్నాను. అది ఎవరికో నాకు తెలియదు.

బురుల్ ఆమీన్ అంది.