మర్జియే దరఖాస్తు, నీ ఇంట్లో సెతార్

చెల్లీ తయ్యెబే, అల్లా మిమ్మల్ని చల్లగా చూడాలి. ఫోనులో చెప్పడానికి భయం వేసి చివరికి కలం పట్టాను. ఈ కార్డును ఎవరూ చదవకుండా కవరులో పెట్టి పంపుతున్నాను.

మా అమ్మాయి మర్జియే బడిలో పంతులమ్మ ఉద్యోగానికి దరఖాస్తు నింపింది. చదువుకునేటప్పుడు ఎక్కడ ఉన్నదీ రాయాలట, షీరాజ్‌లో నీ ఇల్లు రాసింది. ఉద్యోగం ఇచ్చేముందు భక్తీ నడవడికా విచారిస్తారుగా, నిన్న అందుకే ఆఫీసు నుంచి ఒకాయన మా వీధికి వచ్చి, రొట్టెల కొట్టు హైదర్‌ని "ఆ పిల్లకి భక్తి ఉందా?" అని అడిగాడు.

"రొట్టెల వరుసలో ఒక్కరోజూ తోసుకుని ముందుకు రాలేదు సారూ! ఇంతకంటే భక్తి మా వీధిలో ఎవరికుంది?" అన్నాడు హైదర్.

అందరూ నవ్వారు. ఆయన నవ్వకుండా రాసుకున్నాడు. అప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు.

ఇక నీ దగ్గరికే వస్తారు. వాళ్లకు సంగీతం గిట్టదు, పిల్ల నీ ఇంట్లో సెతార్ వాయించడం నేర్చుకుందని తెలిస్తే ఉద్యోగం రాదు. నిన్ను అబద్ధమాడమనను, ఆ పాపం మనకొద్దు. అడగనిది మాత్రం చెప్పకు. టీ ఇచ్చి, దాని నమాజు గురించి మాట్లాడు.

మరిదిగారి మోకాలు ఎలా ఉంది? ఎండు నిమ్మకాయలు అందాయా?

సెతార్‌ను పరుపుల వెనక పెట్టు. తీగలు తెంపకు, పిల్ల ఏడుస్తుంది. దాన్నీ ఈ కార్డునూ భద్రంగా ఉంచు, ఎవరికీ చూపించకు.

నీ అక్క
సకీనె