చివరి పదకొండు కాగితాలు

సూర్యలంక, బాపట్ల దగ్గర
18 నవంబరు 2025, మంగళవారం. మబ్బు పట్టింది, వాన లేదు. పొద్దున ఐస్ పెట్టెలు కడిగి బోర్లించాను.

తమ్ముడిలాంటి చెంచురామయ్యకు బాపయ్య నమస్కారం. రేపల్లెలో నువ్వూ, మరదలు పద్మజా, పిల్లలూ కులాసాగా ఉన్నారనుకుంటాను. పదేళ్లుగా రాయనివాడు ఇవాళ రాశాడేంటని నీకనిపిస్తుంది. ఉత్తరంతో పాటు ఒక పుస్తకం పంపుతున్నాను. గట్టి అట్ట, పార్శిల్ బరువుగానే ఉంటుంది.

అది రష్యావాళ్ల పాత నవల. తెలుగులో మళ్లీ కొత్తగా అచ్చువేశారు. దాని పాత ప్రతి నాకు చిత్తుకాగితాల బస్తాలో దొరికింది. నా చదువంతా అలాంటి కాగితాల మీదే కదా. పడవ ఎవరు నడపాలన్న గొడవలో నువ్వు మీ అన్న వీరాస్వామి మీద అలిగి రేపల్లె వెళ్లిపోయిన ఏడు, వలలు కుట్టుకునే పాకలో మధ్యాహ్నాలు దాన్ని పైకి చదివేవాడిని. అందులోనూ మాటల్లేని అన్నదమ్ములే. వీరాస్వామి వల కుడుతూనే వినేవాడు. నిన్ను పిలిపించమని మీ వదిన కోటమ్మ పోరుతుంటే, "ఆగవే, కథలో ఆ మంచులో పెద్దోడు ఏం చేస్తాడో చూసి చెబుతా" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. ఆయన నవ్వేవాడు కాదు.

తీరా చివరికొచ్చాక, మిగతా కాగితాలు లేవని చెప్పాను. "అయితే వాడూ తేల్చుకోలేదన్నమాట" అని వల పక్కన పెట్టి లేచిపోయాడు. ఆ తర్వాత నీ మాట ఎత్తలేదు.

మొన్న ఆదివారం తెనాలి వెళ్లి కొత్తది కొన్నాను. కొట్లో నిలబడి చివరి పేజీలు తిరగేస్తుంటే అక్కడి అమ్మాయి, "చివర ముందే చదివేస్తే ఇంక కొనేదేముంది బాబాయ్‌గారూ" అంది. ఉన్నాయో లేదో చూసుకుంటున్నానన్నాను. "కొత్త పుస్తకంలో ఎందుకుండవండి, ఎవరన్నా చింపితే తప్ప" అంది. నాకు తలెత్తబుద్ధి కాలేదు.

మీ అన్నకు ఆయాసం ఎక్కువైంది. నాలుగడుగులకోసారి కూర్చుంటున్నాడు. పుస్తకంలో ఒకచోట వలదారం గుర్తు పెట్టాను. అక్కణ్ణుంచి నువ్వే వచ్చి చదివి వినిపించు. ఆ కథలో పెద్దవాడే ముందు వెళ్లి తలుపు తడతాడు. ఇక్కడ పెద్దవాడు అంతదూరం రాలేడు. నువ్వు రా.

ఇట్లు
బాపయ్య

తా.క. కవరు అంటించబోయి ఆగాను. ఆ కాగితాలు పోలేదు. పాకలో చదవాల్సిన ముందురోజే ఇంట్లో చదువుకుని నేనే చింపి దాచాను. పదకొండు కాగితాలు. రోజూ పనులు రాసుకునే నా పుస్తకంలో ఇప్పటికీ ఉన్నాయి. నందివెలుగులో ఉండే మా సొంత తమ్ముడితో నాకు మాటల్లేవని పాకలో అందరికీ తెలుసు. పెద్దవాడు వెళ్లి తలుపు తట్టాడని నా నోటితో చదివితే అందరూ నా వైపే చూసేవాళ్లు. ఇప్పుడు వాటిని మీ అన్న ముందు పెట్టే ముఖం లేక కొత్త పుస్తకం కొన్నాను. ఇది ఆయనకు చెబుతావో లేదో నీ ఇష్టం.

మా తమ్ముడు పోయి నెలయింది. కబురొచ్చిన రోజున నేనేం రాసుకున్నానా అని ఇందాక ఆ పనుల పుస్తకం తీసి చూశాను. ఐస్ పెట్టెలు కడిగాను, అని ఉంది. దాని కింద నందివెలుగు అని ఒక్క మాట రాసి వదిలేశాను.