సీసా లోపలి గీత

జూన్ 14, ఆదివారం

మంగళవారం జరిగింది రాసి పెడుతున్నాను. మరిచిపోతానని కాదు. అడిగినవాళ్లకి ఒక్కొక్కరికి ఒక్కోలా చెబుతున్నాను.

పొద్దున మా ఆవిడకి జ్వరం తగ్గింది. గండం గడిచిందనుకున్నాం ఇద్దరం. లేచి వంటింటి కిటికీలో మనీప్లాంట్ సీసాలకి నీళ్లు మార్చింది. కూర్చోమంటే, నాకు సెలవు గానీ మొక్కలకి సెలవేమిటి అంది. మధ్యాహ్నం కడుపునొప్పి, వాంతులు. ఆటోలో హాస్పిటల్‌కి వెళ్లాం. దారిలో, గ్యాస్ కట్టేశారా అని అడిగింది. కట్టేశానన్నాను. డెంగీ అన్నారు. బీపీ అందడం లేదన్నారు. జ్వరం తగ్గిన రోజే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని మీకెవరూ చెప్పలేదా అని డ్యూటీ డాక్టరు అడిగాడు. ఎవరూ చెప్పలేదు. సాయంత్రం పోయింది.

ఇంటికొచ్చి చూశాను. గ్యాస్ కట్టేసే ఉంది.

జూన్ 15, సోమవారం

సీసాల్లో నీళ్లు తగ్గాయి. తను పోసినవి అలాగే ఉంచి పైన కొంచెం పోశాను.

జూలై 4, శనివారం

ఆఫీసుకి ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. ఒకామె కాలేజీలో జువాలజీ లెక్చరరు. రెండో ఆమె మా వీధి చివరి క్లినిక్‌లో నర్సు. వార్డు మ్యాప్ కావాలట, ప్రతి ఇల్లూ కనిపించేంత పెద్దది. టౌన్ ప్లానింగ్‌లో ఇంకా చేత్తో గీసేవాణ్ని నేనొక్కణ్నే మిగిలాను. నా బల్ల దగ్గరికి పంపారు.

ఎందుకని అడిగాను. డెంగీ గురించి ఈ ఊళ్లో తెలియంది లేదట, కాకపోతే ముక్కలుగా తెలుసట. మంచం ఎక్కిన వాళ్లెవరో హాస్పిటల్‌కి తెలుసు. అంతకు ముందే జ్వరం బిళ్లలు కొన్నదెవరో మందుల షాపాయనకి తెలుసు. ఏ ఇంట్లో ఎవరు మూలుగుతున్నారో నర్సుకి తెలుసు. దోమల సంగతి లెక్చరరుకి తెలుసు. ఈ నలుగురూ ఇంతవరకూ ఒక బల్ల చుట్టూ కూర్చోలేదట. పెళ్లిలో అలిగిన వియ్యాలవారే నయం అంది లెక్చరరు.

నవ్వొచ్చింది. నవ్వి చాలా రోజులైంది.

జ్వరం తగ్గిన రోజు గురించి ఇంటింటికీ చెబుతారా అని అడిగాను. నర్సుకి నేనెవరో తెలుసు. తల దించుకుని, చెబుతాం అంది. మ్యాప్ గీస్తానన్నాను.

జూలై 12, ఆదివారం

క్లినిక్ హాల్లో మొదటి మీటింగ్. హాస్పిటల్ ల్యాబ్ టెక్నీషియన్ వచ్చాడు గానీ పేర్లు ఇవ్వనన్నాడు. పేర్లెవరికి కావాలి, ఇంటి మీద చుక్క పెట్టు చాలు అంది నర్సు. చుక్క చూసినా ఎవరో తెలిసిపోతుందని అతను. అరగంట అదే గొడవ. చివరికి ఇంటి మీద కాకుండా, జ్వరాలు ఎన్నుంటే సందు మొత్తానికి అంత నలుపు వేయడానికి ఒప్పుకున్నాడు. మందుల షాపాయన మాత్రం, నా దగ్గర దాచడానికేముంది, దగ్గు వినపడితేనే ఏ ఇల్లో చెబుతాను అన్నాడు.

ప్రతి ఇంటికీ ఒక నల్ల మగ్గు ఇస్తారు. సగం నీళ్లు, అందులో నిలబెట్టిన చెక్క పుల్ల. దోమ వచ్చి పుల్ల మీద గుడ్లు పెడుతుంది. వారానికోసారి పుల్ల తీసుకెళ్లి లెన్స్ కింద చూస్తారు. దోమలకి పురుడు పోయడం మా పనా అన్నాడు షాపాయన.

నా వంతుగా ఒకటి చెప్పాను. జ్వరాలు ఒక ట్రేసింగ్ కాయితం మీద, బిళ్లలు రెండో దాని మీద, గుడ్లు మూడో దాని మీద. మూడూ మ్యాప్ మీద పరిస్తే ఎక్కడ నలుపు కలుస్తుందో కనపడుతుంది. లెక్చరరు నా పెన్సిల్ అడిగి తీసుకుంది.

నాకూ ఒక మగ్గు ఇవ్వబోయారు. గీసేవాణ్ని, నాకెందుకన్నాను.

జూలై 19, ఆదివారం

మూడూ పరిచాం. మా వీధి మీద మొదటి కాయితం నలుపు, రెండోది నలుపు. మూడోది తెల్లగా ఉంది. ఒక్క పుల్ల మీదా గుడ్డు లేదు.

అయితే దోమలు రెండు వీధుల అవతలున్న టైర్ల గోడౌన్ వైపు నుంచి వస్తుండాలి అంది లెక్చరరు. వచ్చే నెల మొదట్లో మున్సిపాలిటీ వాళ్లు ఇంటింటికీ తిరిగి తొట్లు, కుండీలు చూస్తారు. ఏ వీధికి వెళ్లాలో ఈ మ్యాపే చెబుతుంది. గోడౌన్ వైపే వెళ్తారన్నమాట.

మా కింది వాటా అమ్మాయికి ఏడో నెల. నన్ను బాబాయిగారూ అంటుంది. తను ఉన్నప్పుడు రోజూ ఇద్దరూ మెట్ల మీద కూర్చునేవాళ్లు.

జూలై 20, సోమవారం

గోడౌన్ దగ్గర పుట్టిన దోమ మధ్యలో రెండు వీధులు వదిలేసి మా వీధికే ఎందుకు వస్తుంది?

జూలై 25, శనివారం

తెలిసింది.

కింది వాటా అమ్మాయి అత్తగారు కొళాయి దగ్గర కూర్చుని మగ్గు తోముతోంది. పుల్లని కూడా పీచుతో రుద్దింది. కడిగిన ముత్యంలా ఉంది. ఏమిటిది అని అడిగాను. రేపు పదిమందీ చూసే వస్తువు, పాచి పట్టింది ఇస్తే కోడలి కాపురం గురించి ఏమనుకుంటారు అంది. మిగతా ఇళ్లలో కూడా ఇంతేనా అంటే, ఎదురింటావిడకి చెప్పిందే నేను అంది. చుట్టాలొస్తున్నారంటే ఇల్లు ఊడ్చుకోమా అంది.

అలా కడిగితే గుడ్లు పోతాయి అని మొదలుపెట్టాను. అది సరే, మీ ఇంట్లో మగ్గేదీ అన్నయ్యగారూ అని అడిగింది.

వెళ్లి ఒకటి తెచ్చుకున్నాను. వంటింటి కిటికీలో సీసాల పక్కన పెట్టాను.

జూలై 26, ఆదివారం

మీటింగ్‌లో చెప్పాను. టెక్నీషియన్‌కి కోపమొచ్చింది, వెళ్లి గట్టిగా చెప్పాలన్నాడు. గట్టిగా చెబితే ఇంకా గట్టిగా తోముతారు అంది నర్సు. ఇంకో వారం చూద్దామన్నారు. అంతకంటే టైము లేదు.

ఆగస్టు 1, శనివారం. పొద్దున

నా పుల్ల తీశాను. నీళ్లు తాకే చోట చుట్టూ మిరియాల పొడి చల్లినట్టుంది.

చెయ్యి కొళాయి దగ్గరికి వెళ్లింది. తిప్పాను కూడా. తను ఉంటే ఈ ఇల్లు ఇలా ఉండేదా అనుకుంటారు. కింది వాటా ఆవిడ ఎందుకు తోమిందో అప్పుడు తెలిసింది.

కొళాయి కట్టేశాను. పుల్లకి దారం కట్టి మెట్ల కమ్మీకి వేలాడదీశాను. పై వాటా, నాదే అని చీటీ రాసి తగిలించాను.

సాయంత్రం

అత్తగారు కళ్లజోడు తెచ్చుకుని మరీ చూసింది. ముక్కు మీద వేలేసుకుంది. అన్నయ్యగారింట్లోనే ఇన్నుంటే ఇంక మనకి సిగ్గేమిటే అని కోడలితో అంది. నాకు వినపడేలాగే అంది. లోపలికెళ్లి, ఇంకా కడగని తన పుల్ల తెచ్చి నాదాని పక్కన కట్టింది. ఎదురింటావిడ వచ్చి, మాది మీకంటే ఎక్కువేనంది. కొంచెం గర్వంగానే అంది.

చీకటి పడేసరికి కమ్మీ మీద ఇంకో పుల్లకి చోటు లేదు.

ఆగస్టు 2, ఆదివారం

మూడో కాయితం నింపాను. మా వీధి దగ్గరికి వచ్చేసరికి పెన్సిల్ మళ్లీ చెక్కాల్సి వచ్చింది. మున్సిపాలిటీ వాళ్లు బుధవారం మా వీధికే వస్తున్నారు.

ఆగస్టు 3, సోమవారం. సాయంత్రం

లెక్చరరు, నర్సు వచ్చారు. నా ఇంట్లో అన్ని గుడ్లు ఎక్కడివో చూడాలని. తొట్టి లేదు, కుండీ లేదు. లెక్చరరు కిటికీ దగ్గర ఆగింది. సీసాలని వెలుతురుకి పట్టి చూసింది. నీళ్లెప్పుడు మారుస్తారని అడిగింది. మార్చను, తగ్గినంత పైన పోస్తానన్నాను.

లోపల అద్దం మీద సన్నటి నల్ల గీత చూపించింది. నీటికి కాస్త పైన గుడ్లు అంటించి పోతుందట. నీళ్లు తగ్గితే ఎండి కాచుకుని ఉంటాయట, నెలల తరబడి. నీళ్లు మళ్లీ పైకొచ్చి తడిపితే పొదుగుతాయట. తడుపుతున్నది నేను.

ఎందుకు మార్చరని అడిగింది. ఆమె చేతిలోంచి సీసా తీసుకుని కిటికీలో పెట్టాను. నర్సు ఆమెని మెట్ల మీదికి తీసుకెళ్లి ఏదో మాట్లాడింది. తిరిగొచ్చాక లెక్చరరు నెమ్మదిగా, పారబోస్తే చాలదండీ, బ్రష్‌తో తోమాలి అంది. ఈ రాత్రికి సీసాల మూతులకి గుడ్డ కట్టింది కూడా ఆమే.

కింద ఆ అమ్మాయి ఎవరితోనో నవ్వుతోంది.

రాత్రి

అడుగున ఉన్నవి తను పోసిన నీళ్లు అనుకుంటూ వచ్చాను. ఎప్పుడో కలిసిపోయి ఉంటాయి.

బ్రష్ సింక్ కింద, తను పెట్టిన చోటే ఉంది. రేపు మంగళవారం. పొద్దున్నే సీసాలు తోముతాను. గీత పోయేదాకా.